ఆరు భుజాల పంతం

ఆల్బర్ట్ స్మాల్ పేరెత్తకుండా షడ్భుజాల అతుకుపని గురించి మాట్లాడటం నా వల్ల కాదు. అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రపు ఒట్టావా ఊళ్లో, ఇసుక కంపెనీలో డైనమైట్‌తో పని ఆయనకు. ఆ చేతులతోనే సూది పట్టి ఒకే ఒక్క దుప్పటిలో 1,23,200 ముక్కలు కూర్చాడు! ఒక్కో ముక్క చిటికెనవేలి గోరంత కూడా ఉండదు.

కొత్తవాళ్లకు అంత సాహసం అక్కర్లేదు. అంగుళం భుజం చాలు. మందపాటి కాగితంతో ఆరు భుజాల అచ్చు కత్తిరించండి. గుడ్డను దానికంటే చుట్టూ పావంగుళం ఎక్కువగా కోసి, ఆ అంచును కాగితం మీదికి మడిచి కచ్చాకుట్టు వేయండి. నూలుగుడ్డే వాడండి, పెడన కలంకారీ తునకలైతే మరీ మంచిది. పాలిస్టర్‌కు మడత నిలవదు. ఇలా తయారైన రెండు ముక్కల్ని ఎదురెదురుగా ఆనించి, మడత అంచున ఒకటి రెండు పోగులు మాత్రమే అందుకుంటూ చుట్టి కుట్టాలి. సూది కాగితానికి తగిలితే వేలికి గరుకుగా తెలిసిపోతుంది. మధ్య ముక్క చుట్టూ ఆరు చేరితే పువ్వు. అన్ని వైపులా పొరుగు ముక్కలు కుదిరాకే కాగితం లాగాలి. తొందరపడ్డారా, మూలలు సాగిపోతాయి.

అసలు పరీక్ష ఆ మూలల్లోనే. మూడేసి ముక్కలు కలిసే ఆ చోట పోగంత సందు మిగిలినా వెనక నుంచి వెలుతురు కనిపిస్తుంది. డబుల్ కాట్ దుప్పటికి దాదాపు 3,400 ముక్కలు, పదివేల అంగుళాల కుట్టు. బెదిరిపోకండి, ముందు ఒక దిండు గలీబు కుట్టండి.

చరిత్ర జోలికి ఎక్కువ పోను. 1718 తేదీ కుట్టిన పట్టు దుప్పటి ఒకటి బ్రిటన్‌లో ఉంది, అదీ కాగితాల మీద కుట్టిందే. పిల్లల నవలలు రాసిన లూసీ బోస్టన్ అయితే అచ్చుగుడ్డలోని ప్రతి పువ్వునూ ఎంచి కోసి, సాగదీసిన షడ్భుజాలతో శిలువలు తీర్చింది. ఎంత ఓపిక, ఎంత కన్ను! రెండో ప్రపంచయుద్ధంలో సింగపూర్ చాంగీ జైల్లో బందీలైన గర్ల్ గైడ్స్ పిల్లలు దొరికిన పేలికలతో ఈ పువ్వులే కుట్టారు. ఆ దుప్పటి ఇప్పుడు లండన్ ఇంపీరియల్ వార్ మ్యూజియంలో ఉంది.

జైల్లో పిల్లలు చేసిన పనిని ఇవాళ మిల్లుగుడ్డ మీద అచ్చేసి అమ్ముతున్నారు! షడ్భుజాలే కాదు, కుట్లు కూడా అచ్చే. వెనక్కి తిప్పి చూడండి: అతుకూ లేదు, మడతా లేదు. చీటీ మీద మాత్రం ‘చేతిపని’! చౌకగా వచ్చిందని మురిసిపోయి కొనేవాళ్లను ఏమనాలి? కచ్చాకుట్టుకు బదులు గమ్ము రాసే పద్ధతి కూడా వచ్చింది, పని త్వరగా తెములుతుందట. అంత తొందరున్నవాళ్లు దుకాణానికే పోవచ్చు. నేను దారం పక్షం.

పైపొర పూర్తయ్యాక దూది, అడుగుగుడ్డ పరిచి మూడింటినీ కలిపి కుట్టడం మన బొంతపనే. దానికి వీడియోలు వెతక్కండి. పాత చీరలతో బొంతలు కుట్టిన అమ్మమ్మ ఇంట్లోనో, వీధిలోనో ఉంటుంది. ఆవిడ కంటిచూపు సరిగా ఉండగానే వెళ్లి అడగండి.