గంటకు ముందే చేరే బళ్ళు

ఒకే పాసు మీద ఐరోపా అంతా రైల్లో తిరగవచ్చని చెబితే, ఎన్ని దేశాలని అడుగుతారు ఎవరైనా. ముప్పై మూడు. వినడానికి బాగుంటుంది కానీ ఆ సంఖ్యతో ప్రయాణం నడవదు. దిగిన చోట తరవాతి బండి ఉండాలి, దాన్ని అందుకునే వ్యవధి ఉండాలి, ఆ బండి తప్పితే ఇంకొకటి రావాలి. పాసు మనకు ఇచ్చేది ఎక్కే హక్కు ఒక్కటే. ఎక్కడానికి బండిని తెచ్చి నిలబెట్టేది టైమ్‌టేబుల్. ఆ టైమ్‌టేబుల్‌ను కళాకారుడి ఓపికతో తయారుచేసిన దేశం స్విట్జర్లాండ్. అక్కడి మంచు కొండల గురించి, సరస్సుల గురించి రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ దేశంలో మనుషులు చేసిన వస్తువుల్లో నాకు అన్నిటికంటే అందంగా తోచింది మాత్రం ఆ నిమిషాల అల్లిక.

అది కళ్ళకు కట్టినట్టు కనబడాలంటే బెర్న్ స్టేషన్‌కు వెళ్ళాలి. గంట పూర్తవడానికి పది నిమిషాల ముందు పట్టాలు చాలావరకు ఖాళీ. అంతలో ఒక్కొక్కటే వస్తాయి: జూరిక్ నుంచి ఒకటి, బాసెల్ నుంచి ఒకటి, దక్షిణాన కొండల వైపు నుంచి ఇంకొకటి. గంటకు రెండు మూడు నిమిషాల ముందుకల్లా అన్నీ ప్లాట్‌ఫారాల మీద నిలబడి ఉంటాయి. తలుపులు తెరుచుకుంటాయి. జనం దిగి కింది దారిలోంచి ఒక ప్లాట్‌ఫారం నుంచి ఇంకోదానికి మారతారు. పరుగులుండవు. గంట దాటిన రెండు మూడు నిమిషాలకు బళ్ళన్నీ వచ్చిన దిక్కులకు, రాని దిక్కులకు విడిపోతాయి. అరగంటకు మళ్ళీ అదే జరుగుతుంది. ఎటు నుంచి వచ్చినవాడైనా ఎటైనా వెళ్ళగలిగేలా బళ్ళన్నీ ఒకే వేళకు ఒక చోట కలవడమే ఈ పనితనంలో మొదటి సూత్రం. అలా కలిసే స్టేషన్లను కూడళ్ళు అందాం. జూరిక్, బెర్న్, బాసెల్ పెద్ద కూడళ్ళు. వాటి చుట్టూ చిన్నవి చాలా ఉన్నాయి.

దీని వెనుక ముగ్గురు యువకులున్నారు. స్విస్ రైల్వేలో పనిచేసిన సామ్యూల్ స్టేలి, జాన్ పియర్ బెర్తుజో, హన్స్ మైనర్. వీళ్ళు ఈ పనికి దిగేనాటికి అక్కడా బళ్ళు ఎవరికి ఎప్పుడు కావాలో చూసి ఒక్కొక్కటిగా వేసినవే. పొద్దున రెండు, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం నాలుగు అన్న తీరు. ఏ రెండు గంటలూ ఒకలా ఉండేవి కావు. ఆ పద్ధతినంతా పక్కనపెట్టి, దేశంలో ప్రతి మార్గంలోనూ ప్రతి గంటా ఒకే నిమిషానికి బండి నడపాలని వీళ్ళు 1972లో ప్రతిపాదన రాశారు. డచ్చివాళ్ళు అప్పటికే తమ దేశంలో అటువంటి పని చేసి చూపించారు. అయినా కొండలు, సొరంగాలు, ఒంటిపట్టా మార్గాలు నిండిన దేశంలో అది కుదురుతుందని నమ్మడం సాహసమే. పదేళ్ళు పట్టింది. 1982 మే 23న స్విట్జర్లాండ్ మొత్తం ఆ పద్ధతిలోకి మారింది. ఆ ముగ్గురిలో నాకు నచ్చేది కోరికను లెక్కతో నిరూపించిన తీరు. ప్రతి కూడలినీ, ప్రతి మార్గాన్నీ కాగితం మీద పరిచి, రాకపోకల నిమిషాలు వేసి, ఎక్కడ పొసగదో వాళ్ళే ముందుగా చూపించారు.

ఈ అల్లికలో ఒక రహస్యం ఉంది. తెలిశాక స్టేషన్లో పసుపు రంగు పట్టిక చూసినప్పుడల్లా దాన్ని పరీక్షించకుండా ఉండలేరు. గంటకొక బండి చొప్పున ఒక మార్గంలో రెండు వైపులా నడుస్తుంటే, ఒక బండికి ఎదురు బళ్ళు సరిగ్గా అరగంటకొకటి చొప్పున తగులుతాయి. ఆ ఎదురుపడే క్షణాన్ని గంట దగ్గర గాని అరగంట దగ్గర గాని కూర్చారనుకోండి, టైమ్‌టేబుల్‌లో రెండు దిశలూ అద్దంలో ప్రతిబింబాల్లా తయారవుతాయి. జూరిక్ నుంచి వచ్చే బండి 58వ నిమిషానికి చేరితే, జూరిక్ వెళ్ళే బండి 02కు బయల్దేరుతుంది. 58, 2 కలిపితే 60. చిన్న స్టేషన్లో 17వ నిమిషానికి ఒక వైపు నుంచి వస్తే అదే వైపుకు తిరుగు బండి 43 ప్రాంతంలో ఉంటుంది. ఒకటి రెండు నిమిషాల తేడాతో దేశమంతా ఈ లెక్క నిలుస్తుంది. వెళ్ళేటప్పుడు బండి మారడం సుఖంగా ఉంటే వచ్చేటప్పుడూ అంతే సుఖంగా ఉంటుందని ఈ ఒక్క ధర్మమే హామీ ఇస్తుంది. ఏ అధికారీ ప్రతి స్టేషన్లో ప్రతి ప్రయాణికుడినీ తలచుకోలేడు. ఈ లెక్క తలచుకుంటుంది.

ఇక అసలు గొప్పతనం. జూరిక్ కూడలిలోనూ గంటకు బళ్ళు కలవాలి, బెర్న్‌లోనూ గంటకు కలవాలి. అంటే ఆ రెంటి నడుమ ప్రయాణం గంటకు కొద్దిగా తక్కువ పట్టాలి. మిగిలిన కొద్ది నిమిషాలు జనం మారడానికి. కానీ పాత దారిలో 69 నిమిషాలు పట్టేది. తొమ్మిది నిమిషాలే ఎక్కువ, కానీ ఆ తొమ్మిదితో బెర్న్‌లో అన్ని బళ్ళూ వెళ్ళిపోయాక చేరతారు. రైల్వే అంటే వీలైనంత వేగం అనుకునే ఇంజనీరైతే, డబ్బుంటే 40 నిమిషాలకు కుదించే దారి వేద్దామనేవాడు. స్విస్‌వాళ్ళు ఆగి ఆలోచించారు. 40 నిమిషాల్లో చేరితే, మారవలసిన బండి కోసం బెర్న్‌లో 20 నిమిషాలు కూర్చోవాలి. కోట్లు పోసి కొన్న వేగం బెంచీ మీద కరిగిపోతుంది. కావలసింది గంటలోపు మాత్రమే. అందుకని మాట్‌స్టెటెన్–రోత్రిస్ట్ నడుమ సుమారు 45 కిలోమీటర్ల కొత్త దారి వేసి, దాని మీద గంటకు 200 కిలోమీటర్ల వేగంతో నడిపి, ప్రయాణాన్ని 56 నిమిషాలకు తెచ్చి అక్కడ ఆపారు. ఇదంతా 'బాన్ 2000' అన్న పథకంలో భాగం. 1987 డిసెంబరు 6న ప్రజలే ఓటు వేసి 57 శాతంతో దాన్ని ఒప్పుకున్నారు. 2004 డిసెంబరు 12న కొత్త టైమ్‌టేబుల్ అమల్లోకి వచ్చింది.

మామూలుగా దారి వేస్తారు, బళ్ళు కొంటారు, అవి ఎంత వేగంగా పోతే ఆ ప్రకారం టైమ్‌టేబుల్ రాస్తారు. ఇక్కడ టైమ్‌టేబుల్ ముందు పుట్టింది. ఏ సొరంగం తవ్వాలో, ఎక్కడ వంతెన కట్టాలో, ఎంత వేగం సరిపోతుందో అదే చెప్పింది. పోచంపల్లిలో చీర నేయకముందే నూలుకు ముడులు కట్టి రంగులద్దుతారు. మగ్గం ఎక్కేసరికే ఏ పోగు ఎక్కడ ఏ రంగులో పడాలో తేలిపోయి ఉంటుంది. ఒక పోగు ఒక పిసరు జరిగినా బొమ్మ అంచు చెదురుతుంది. ఆ నేతను దగ్గరగా చూసినవాళ్ళకు ఈ 56 నిమిషాల వెనుక ఉన్న శ్రమ వెంటనే అర్థమవుతుంది.

ఇంత సూక్ష్మంగా నిమిషాలను పేర్చాక, నిమిషం అంటే అందరికీ ఒకటే కావాలి కదా. దానికీ ఒక పనివాడున్నాడు. హన్స్ హిల్ఫికర్ అనే ఇంజనీరు 1944లో స్విస్ స్టేషన్లకు గడియారం రూపొందించాడు. తెల్లని ముఖం, నల్లని గీతలు, అంకెలు లేవు. 1953లో దానికి ఎర్రని సెకన్ల ముల్లు చేర్చాడు. ముల్లు చివర గుండ్రటి ఎర్ర బిళ్ళ ఉంటుంది. బండి కదలవచ్చని సైగ చేయడానికి అప్పట్లో స్టేషన్ సిబ్బంది ఎత్తి చూపే పలక ఆకారం అది. ఆ ముల్లు చుట్టూ తిరిగి రావడానికి 58 సెకన్ల పైచిలుకు పడుతుంది. పన్నెండు దగ్గరకు వచ్చి ఆగుతుంది. ప్రధాన గడియారం నుంచి నిమిషం పూర్తయిందన్న విద్యుత్ సంకేతం రాగానే నిమిషాల ముల్లు ఒక్క ఉదుటున ముందుకు జరుగుతుంది, ఎర్ర ముల్లు మళ్ళీ బయల్దేరుతుంది. సెకను సెకనుకూ ప్రతి గడియారాన్నీ సరిచేయడం ఆ రోజుల్లో కష్టం. నిమిషానికొకసారి సరిచేస్తే చాలన్న తెలివితో దేశంలోని స్టేషన్లన్నీ ఒకే నిమిషంలో నిలిచాయి. అవసరమైనంతే, అంతకు మించి వద్దు అన్న నిగ్రహం 56 నిమిషాల దారి కంటే ఎంతో ముందు ఈ గడియారంలోనే ఉంది.

ఇప్పుడు పాసు సంగతి. ఐరోపా బయట ఉండేవాళ్ళ కోసం యూరెయిల్ పాసు 1959లో వచ్చింది. ఐరోపా వాసుల కోసం ఇంటర్‌రెయిల్ 1972లో మొదలైంది. అంతర్జాతీయ రైల్వే సంఘానికి యాభై ఏళ్ళు నిండిన సందర్భంగా, 21 ఏళ్ళ దాకా వయసున్నవాళ్ళకు 21 దేశాల్లో నెల రోజులు తిరిగే వీలు కల్పించారు. ఇవాళ ఏ వయసువాళ్ళైనా కొనవచ్చు. 27 ఏళ్ళ దాకా యువతకు ధర తక్కువ. ఏ పాసు వర్తిస్తుందన్నది పౌరసత్వాన్ని బట్టి కాక నివాసాన్ని బట్టి తేలుతుంది. జర్మనీలో చదువుకుంటున్న మన పిల్లలు ఇంటర్‌రెయిల్ కొంటారు. వాళ్ళను చూడడానికి హైదరాబాదు నుంచో గుంటూరు నుంచో వెళ్ళిన అమ్మానాన్నలు యూరెయిల్ తీసుకుంటారు. ఒకే పెట్టెలో పక్కపక్కన కూర్చుని వెళ్ళవచ్చు. ఇంటర్‌రెయిల్ ఉన్నవాళ్ళు తాము నివసించే దేశంలో మాత్రం వెళ్ళడానికి ఒకసారి, తిరిగి రావడానికి ఒకసారే దాన్ని వాడుకోగలరు. ఇది మరిచి జర్మనీ లోపలే తిరగాలనుకున్న విద్యార్థులు నాకు తెలుసు.

పాసు ఒకటే అయినా ఒక్కో దేశంలో అది ఒక్కోలా పనిచేస్తుంది. ఫ్రాన్సులో టీజీవీ, స్పెయిన్‌లో ఏవీఈ, ఇటలీలో ఫ్రెచ్చారోస్సా ఎక్కాలంటే పాసు ఉన్నా సీటు రిజర్వేషన్‌కు విడిగా డబ్బు కట్టాలి, ముందే బండి నిర్ణయించుకోవాలి. అవి గొప్ప రైళ్ళు, వేగంలో స్విస్ రైళ్ళు వాటికి సాటిరావు. కాని ఆ రైళ్ళలో పాసు ఇచ్చిన స్వేచ్ఛ సగం రిజర్వేషన్ కౌంటరు దగ్గరే వదులుకోవాలి. స్విట్జర్లాండ్‌లో దాదాపు అన్ని మామూలు బళ్ళూ రిజర్వేషన్ లేకుండా ఎక్కవచ్చు. గ్లేసియర్ ఎక్స్‌ప్రెస్, బెర్నినా ఎక్స్‌ప్రెస్ లాంటి పర్యాటక బళ్ళకు తప్పనిసరిగా కావాలి. అయితే అవి నడిచే పట్టాల మీదే మామూలు బళ్ళూ నడుస్తాయి, అవే కొండలు చూపిస్తాయి, వాటిలో కొన్నిటి కిటికీలు తెరుచుకుంటాయి కూడా. నన్నడిగితే మామూలు బండికే నా ఓటు.

ఆ దారుల్లో ఒకదాని మీద ఈ నిమిషాల పని ఇంకో రూపంలో కనబడుతుంది. జూరిక్ నుంచి కూర్ చేరితే అక్కడి నుంచి పట్టాల వెడల్పు మారిపోతుంది, మీటరు గేజి మొదలవుతుంది. అక్కడ బయల్దేరే రేషియన్ రైల్వే ఎర్రని బండి ఆల్బులా లోయలోంచి సెయింట్ మోరిట్జ్ వెళుతుంది. 1903లో రాకపోకలు మొదలై 1904లో పూర్తయిన ఈ మార్గం 2008 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో ఉంది. బెర్గున్ నుంచి ప్రెడా ఎక్కేటప్పుడు కొండలోపల సొరంగాల్లో గిరగిరా చుట్టి బండి నాలుగు వందల మీటర్ల పైన తేలుతుంది. అందరూ కెమెరాలతో లాండ్‌వాసర్ వంతెన కోసం ఎదురుచూస్తారు. 65 మీటర్ల ఎత్తున వంపు తిరిగి నేరుగా సొరంగంలోకి దూరే ఆ రాతి వంతెన చూడదగ్గదే. నేను ఎదురుచూసేది క్రాసింగ్ కోసం. మార్గంలో ఎక్కువ భాగం ఒంటిపట్టా. ఎదురు బండి స్టేషన్లోనే తగలాలి. మన దగ్గర క్రాసింగ్ పడిందంటే ఎంతసేపు ఆగుతామో తెలియక దిగి నిలబడతాం. ఇక్కడ మన బండి స్టేషన్లో ఆగుతుండగానే ఎదురుది వస్తుంది. ప్రతి గంటా అదే స్టేషన్లో. ఇందాకటి అద్దం లెక్క ఒంటిపట్టా మీద ఎంత పొదుపు తెస్తుందో ఇక్కడ తేటగా తెలుస్తుంది. ఏ స్టేషన్లలో రెండో పట్టా కావాలో, ఎక్కడ అక్కరలేదో అదే నిర్ణయిస్తుంది.

కూర్‌లోనే పట్టాల పైన గాజు కప్పు కింద పసుపు పోస్టు బస్సుల స్టాండు ఉంది. రైలు దిగి మెట్లెక్కితే బస్సు. దాని వేళలూ రైళ్ళ నిమిషాలతో ముడిపడినవే. యూరెయిల్, ఇంటర్‌రెయిల్ ఆ బస్సుల్లో చెల్లవని మాత్రం గుర్తుపెట్టుకోవాలి. స్విట్జర్లాండ్‌లోనే ఎక్కువ రోజులుండి కొండ గ్రామాల దాకా వెళ్ళాలనుకునేవాళ్ళకు స్విస్ ట్రావెల్ పాసు మేలు. అది బస్సుల్లోనూ సరస్సు పడవల్లోనూ చెల్లుతుంది.

ఈ పని ఎక్కడా ఒరిసిపోలేదని అనను. లోజాన్–బెర్న్ ప్రయాణం నేటికీ గంటకు పైనే. వంపుల్లో పక్కకు ఒరిగి వేగం పెంచే బళ్ళతో దాన్ని తగ్గించాలని చూసి, ఆ ప్రయత్నాన్ని 2022లో విరమించుకున్నారు. 2024 డిసెంబరులో పశ్చిమ స్విట్జర్లాండ్ టైమ్‌టేబుల్‌ను మళ్ళీ మొదటి నుంచి అల్లారు. కొన్ని ప్రయాణాలకు కొద్ది నిమిషాలు పెంచి మరీ నిలకడ తెచ్చారు. నిజాయితీగల మరమ్మతు అది. నిలబెట్టుకోలేని నిమిషాన్ని పట్టికలో అచ్చువేయడం వాళ్ళ దృష్టిలో తప్పు.

సరిహద్దు దగ్గర ఆ పట్టుదల కఠినంగానే ఉంటుంది. జర్మనీ నుంచి ఆలస్యంగా వచ్చే బళ్ళను బాసెల్‌లోనే ఆపేసి, అక్కడి నుంచి స్విస్ బండిని వేళకు నడిపిస్తారు. ఒక్క ఆలస్యపు బండి బెర్న్‌లో, జూరిక్‌లో ఆగి ఉన్న పది బళ్ళను చెదరగొట్టకూడదని. అందుకని జర్మనీ నుంచి పాసు మీద బయల్దేరే మన విద్యార్థులకు ఒక్క మాట: జూరిక్ దాకా ఒకే బండి అని రాసి ఉన్నా, బాసెల్‌లో మారడానికి సిద్ధపడి సామాను తేలికగా పెట్టుకోండి. అక్కడ దిగవలసి వస్తే కంగారు పడకండి. బాసెల్ నుంచి జూరిక్ వైపు గంటలో ఒకటి కంటే ఎక్కువ బళ్ళే ఉంటాయి. పాసు వాటన్నిటిలోనూ చెల్లుతుంది.