నాలుగు కాళ్ళ వాటాలు

పత్తి వ్యాపారులు నలుగురు, పిల్లి ఒకటి. మర్యాద రామన్న తీర్పుల్లో చాలామందికి గుర్తుండిపోయే కథ ఇదే. ఎలుకల బాధ పడలేక నలుగురూ కలిసి పిల్లిని పెంచుతారు, కాలికొకరు చొప్పున పంచుకుంటారు. ఒక కాలికి దెబ్బ తగిలితే ఆ వాటాదారు నూనెగుడ్డ కడతాడు. దానికి దీపం అంటుకుంటుంది, పిల్లి పత్తి మీదికి పరిగెత్తుతుంది, సరుకంతా బూడిద. నష్టం కట్టమని ముగ్గురూ నాలుగోవాడి మీద పడతారు. కుంటికాలు పరిగెత్తలేదు కదా, పిల్లిని మోసుకెళ్ళినవి మీ మూడు కాళ్ళే, మీరే అతనికి కట్టండి అంటాడు రామన్న.

తీర్పు భలే ఉంటుంది. లాజిక్‌లో బగ్ దొరకదు. సరే, ఒళ్ళంటుకున్న పిల్లి ఏమైంది? మామూలుగా చెప్పుకునే కథలో ఆ మాటే రాదు. అది అంతవరకూ కాసిన రాత్రుల లెక్కా రాదు. ఈ కథకి పిల్లి ముందు ఆస్తి, తర్వాత సాక్ష్యం. పనిచేసే ప్రాణిగా మాత్రం కనబడదు.

ఈ విషయంలో హితోపదేశంలోని దధికర్ణుడి కథ నయం. నిద్రపోతుంటే జూలు కొరికే ఎలుక కోసం సింహం ఒక పిల్లిని తెచ్చి మాంసం పెట్టి మేపుతుంది. ఎలుక అలికిడి వినబడినప్పుడల్లా ఇంకాస్త ఎక్కువ పెడుతుంది. ఆకలికి ఆగలేక ఎలుక ఓరోజు బయటికొస్తుంది, పిల్లి చంపేస్తుంది. అలికిడి ఆగింది, తిండీ ఆగింది. యజమానికి నీ అవసరం తీరిపోనివ్వకు అని సేవకుడికి హెచ్చరిక. ప్రాజెక్టు అయిపోయి బెంచి మీద కూర్చున్నవాళ్ళకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. కనీసం ఇక్కడ పిల్లికి పనీ ఉంది, కూలీ ఉంది.

అయితే రెండు కథల్లోనూ లేనిది కేసముద్రం లాంటి చోట కనబడుతుంది. మక్కలు, వడ్లు, పసుపు వచ్చే మార్కెట్ ఊరు. గోనెసంచికి చిన్న చిల్లు పడితే చాలు, గింజ కారిపోతూనే ఉంటుంది. అలాంటి దుకాణంలో రాత్రి షట్టర్ దించాక డ్యూటీ పిల్లిదే. పొద్దున చూస్తే గల్లా పక్కన బస్తా మీద పడుకుని ఉంటుంది. పందికొక్కు ఎదురైతే అదీ వెనక్కి తగ్గుతుందనుకోండి.

న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో ఒక చెత్త రీసైక్లింగ్ కేంద్రంలో కెమెరాలు పెట్టి చేసిన పరిశోధన 2018లో అచ్చయింది. 79 రోజుల్లో పిల్లులు చంపింది రెండే ఎలుకల్ని. కానీ పిల్లులు తిరుగుతున్నప్పుడు ఎలుకలు బయటికి రావడం తగ్గింది. అంటే పిల్లి పనిలో పెద్ద భాగం అక్కడ ఉండటమే. తెగని సంచిని ఎవరు లెక్కపెడతారు? సర్వర్ పడిపోని రాత్రికి కూడా ఎవరూ మెయిల్ పెట్టరు. దధికర్ణుడి కథ సైతం చచ్చిన ఎలుకనే లెక్కలోకి తీసుకుంది.

అందుకే రామన్న కథను ఈ కాలంలో ఎవరైనా తిరగరాస్తే, అగ్గి అంటుకోవడానికి ముందు రాత్రుల దగ్గర మొదలుపెట్టాలని నా కోరిక. నూనెగుడ్డ కట్టినవాడు ఆ దెబ్బ తగిలిన కాలితో పిల్లిని ఆ రాత్రి కూడా పత్తి కొట్లోనే ఎందుకు వదిలాడో, ఆ ఒక్కటీ రామన్న అడగనేలేదు.