బురదలో వేట

కొల్లేటి బురదలో మార్పు చేపనో ఇంగిలాయినో పట్టడం చిన్న పని కాదు. మావు అనే బోను ఏ వార పెట్టాలి, దాని నోరు నీటివాలుకు ఎటు తిప్పాలి, గుర్రపుడెక్క సందుల్లో గాలి మింగడానికి చేప ఎక్కడ పైకి లేస్తోంది, ముల్లు దిగకుండా తల వెనక ఎలా అదమాలి... తాటిదోనె మీద పెరిగినవాళ్లకే ఇవన్నీ చేతికి వస్తాయి. అయితే ఆ బురదలో వేట వాళ్లకంటే ముందు నేర్చినవి చేపలే. అదీ కరెంటుతో!

ఏ ప్రాణి మొప్ప ఆడినా, కండ కదిలినా చుట్టూ నీళ్లలో సన్నని విద్యుత్ క్షేత్రం ఏర్పడుతుంది. వాలుగ, జెల్ల, మార్పు జాతుల చర్మంలో, ముఖ్యంగా తల మీద, కంటికి ఆనని గుంటలుంటాయి. సెంటీమీటరుకు కొద్ది మైక్రోవోల్టుల తేడా వచ్చినా అవి పసిగడతాయి. శీలావతికీ బొచ్చెకూ ఆ భాగ్యం లేదు. 1917లో పార్కర్, వాన్ హ్యూసన్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞులు ఇలాంటి మీసాల చేప ఒకదానికి కళ్లు మూసి పరీక్షించారు. గాజుకడ్డీ తగిలేదాకా దానికి తెలియలేదు. లోహపు కడ్డీ మాత్రం ఇంకా కొన్ని సెంటీమీటర్ల దూరంలో ఉండగానే తెలిసిపోయింది. నీళ్లలో లోహం పుట్టించే కాస్తంత కరెంటు చాలు దానికి.

ఏలూరులో ఈసీజీ తీయించుకుంటున్నప్పుడు నాకు ఈ మార్పే గుర్తొచ్చింది. గుండె కొట్టుకుంటే చర్మం దాకా వచ్చేది ఇంచుమించు ఒక మిల్లీవోల్టు. ఛాతీకి అంటించిన బిళ్లలు దాన్ని వింటాయి. "కదలకండి, చేతులు వదిలేయండి" అని టెక్నీషియన్ ఊరికే అనడు. భుజం బిగిస్తే ఆ కండ కరెంటు కూడా వచ్చి కాగితం మీద గజిబిజిగా పడుతుంది. ఈ విద్యకు దారి వేసిన ఐంథోవెన్‌కు 1924లో నోబెల్ ఇచ్చారు. మార్పుకు పులుసే.

ఇక బ్యాటరీ వేట. 12 వోల్టులను ఇన్వర్టరుతో వందల్లోకి పెంచి తీగలు నీళ్లలోకి దించుతారు. మధ్యలో ఉన్న చేప కండలు బిగుసుకుపోతాయి, ఒక్కోసారి వెన్నే విరుగుతుంది. చేప ఎంత పొడవుంటే తలకూ తోకకూ మధ్య వోల్టేజి తేడా అంత ఎక్కువ. అంటే తొలకరికి గుడ్లతో నిండిన పెద్దవాటికే మొదటి దెబ్బ. కాలు జారితే దించినవాడికీ అదే గతి. దీన్ని వేట అనడానికి నాకు నోరు రాదు.

నదుల్లో చేపలు లెక్కించే శాస్త్రజ్ఞులూ కరెంటు వాడతారు. కాకపోతే నీరు కరెంటును ఎంత మోస్తుందో ముందు కొలుస్తారు, విడివిడి పల్సులుగా డీసీ పంపుతారు, తూచిన చేపను తిరిగి వదిలేస్తారు. ఆ కొలత కొల్లేటిలో మరీ అవసరం. వేసవిలో ఉప్పుటేరు మీదుగా సముద్రపు నీరు ఎగదన్నితే, నిన్న సరిపోయిన వోల్టేజి ఇవాళ సరిపోదు. తీగలు దించేవాడికి ఇదేం పట్టదు. 1999 నుంచి కొల్లేరు అభయారణ్యమన్న సంగతీ పట్టదు.

బజారులో "ఎలా పట్టారమ్మా?" అంటే "మావుదేనండి బాబూ" అంటుంది చేపలావిడ. అననివాళ్లెవరు? అందుకే అడగడం మానేసి చేపను తిప్పి చూస్తాను. వెన్ను వంకర తిరిగినా, దాని పక్కన రక్తం గడ్డకట్టి నల్లటి మచ్చ కనిపించినా బేరం ఆపేస్తాను.