కాలువలు కట్టే ముందు

మార్చి నెలాఖరుకి గోదావరి డెల్టాలో ఏ టీకొట్టు దగ్గర నిలబడినా వినిపించే ప్రశ్న ఒక్కటే. "కాలువలు ఎప్పుడు కట్టేస్తారంటండి?" దాళ్వా చేలు అప్పటికి పాలు పోసుకుంటూ ఉంటాయి. ముందు ఊడ్చిన రైతుకి నీళ్లతో పనైపోయింది. వెనక ఊడ్చినవాడికి ఇంకో రెండు తడులు కావాలి. చేపల చెరువులవాళ్ల లెక్క వాళ్లకుంది. ఈ లెక్కలన్నీ కలెక్టరు గారి సమావేశంలో తేలాక, ఏప్రిల్ నడుమన ఒక తేదీన హెడ్ స్లూయిస్‌ల తలుపులు దిగుతాయి. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలు మూడూ, పది లక్షల ఎకరాల పైచిలుకు, ఒక నెలన్నర పాటు కాలువ నీరు లేకుండా ఉంటాయి.

మన మాటలో "కాలువ కట్టేయడం" అంటే నీళ్లు ఆపడం. "వంతెన కట్టడం" అంటే నిర్మించడం. డెల్టాలో ఈ రెండు కట్టడాలకీ విడదీయలేని లంకె ఉంది. కాలువ కట్టేస్తేనే అందులో ఏదైనా కట్టగలం. కల్వర్టైనా, లాకుల మరమ్మతైనా, గట్టుకి రాతి రివిట్‌మెంటైనా, పూడికతీతైనా అన్నీ ఆ నెలన్నరలోనే. వాటినే క్లోజర్ పనులంటాం. ముప్పై ఏళ్లకి పైగా నా వేసవులన్నీ ఆ పనుల్లోనే గడిచాయి. వాటికి ముందు ఒక పూట జరిగే కూర్చోవడం గురించి ఈ వారం రాయాలనిపించింది.

ఇప్పుడు పెద్ద కంపెనీల ఇంజనీర్లు దాన్ని కిక్ ఆఫ్ మీటింగ్ అంటున్నారు. మా మేస్త్రీలు "పనికి ముందు ఓసారి కూర్చోవాలండి" అనేవారు. కొబ్బరికాయ కొట్టడం వేరు, ఇది వేరు. శంకుస్థాపనకి ముహూర్తం, శిలాఫలకం, షామియానా ఉంటాయి, వచ్చినవాళ్లు ఫొటో అయ్యాక వెళ్లిపోతారు. కూర్చోవడానికి ముహూర్తం ఉండదు. ఎవరెవరు కూర్చున్నారన్నదే అక్కడ పనిని నడిపిస్తుంది. ఇది నాకు పుస్తకాల్లో దొరకలేదు. ఒక ఊరు దాహంతో ఉండగా నేర్చుకున్నాను.

ఇంజనీరుగా ఉద్యోగంలో చేరిన మూడో ఏడు. ఒక పిల్లకాలువ మీద చిన్న వంతెన పని నా సెక్షన్‌కి వచ్చింది. సమావేశం ఆఫీసులోనే జరిగింది. పై అధికారి, కాంట్రాక్టరు, ఆయన గుమాస్తా, నేను. ఎస్టిమేటు చూశాం, అగ్రిమెంటు చూశాం, సిమెంటు ఎక్కడినుంచి, ఇనుము ఎప్పటికి అని మాట్లాడుకున్నాం. ఇరవై నిమిషాల్లో అయిపోయింది. లేచేముందు కాంట్రాక్టరు ఒక మాటన్నాడు. "కాలువ కట్టేదాకా ఆగకుండా ఓ వారం ముందే అడ్డుకట్ట వేసేసుకుంటే మనకి వారం కలిసొస్తుందండి. ఆ కాలువ కింద చేలన్నీ ముందే కోతకొచ్చేశాయి." చేలు నేనూ చూశాను, నిజమే. సరేనన్నాను.

చేలకి నీళ్లు అక్కర్లేదు. కానీ ఆ కాలువ చివర ఒక ఊరి మంచినీటి చెరువుంది. కాలువలు కట్టేసే ముందు ఆఖరి రోజుల్లో వచ్చే నీటితోనే దాన్ని నింపుకుంటారు. డెల్టాలో ప్రతి ఊరూ అంతే చేస్తుంది. కాలువలు కట్టేస్తారన్న కబురు వచ్చిందంటే ముందు చెరువు నింపుకోవడమే పని. తవ్వితే ఉప్పునీరు పడే ఊళ్లకి జూన్ దాకా ఆ చెరువే ఆధారం. మా అడ్డుకట్టతో ఆ చెరువు సగమే నిండింది. మే రెండో వారానికి అడుగు కనిపించింది. ఆ ఊరి ఆడవాళ్లు ఖాళీ బిందెలతో మా పని దగ్గరికి వచ్చి కూర్చున్నారు. ఒక్కరూ గట్టిగా అరవలేదు. అరిచి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేదేమో.

పై నుంచి ప్రత్యేకంగా నీళ్లు అడిగి తెప్పించి, మా అడ్డుకట్ట మేమే గండి కొట్టి వదిలాం. గుంట నిండా నీళ్లు. ఎనిమిది రోజులు పోయాయి. ఆ ఏడాది స్లాబు పడలేదు. సార్వా అంతా వంతెన గోడలు నీళ్లలో మొండిగా నిలబడి ఉంటే, పిల్లలు బడికి తాటిదుంగల మీద దాటారు.

ఆ కాలువ మీద పనిచేసే లస్కర్‌ని తర్వాత అడిగాను, ఈ చెరువు సంగతి నీకు తెలుసా అని. "తెలుసండి. ఆ తూము తలుపెత్తేది నేనే కదండి." మరి ఎందుకు చెప్పలేదన్నాను. "నన్ను పిలవలేదు కదండి." ఆయన గొంతులో నింద లేదు, జరిగింది చెప్పాడు. ఆ రోజు ఆఫీసు వరండాలో, మా సమావేశం జరుగుతున్న గది బయటే ఆయన బీటు పుస్తకం మీద సంతకం కోసం నిలబడి ఉన్నాడని నాకు ఆ తర్వాతెప్పుడో గుర్తొచ్చింది.

అప్పటినుంచి నా సమావేశాల్లో ఒక్కటీ ఆఫీసులో జరగలేదు. పని జరిగేచోటే, గట్టు మీద, ఏ నిద్రగన్నేరు నీడనో. గదిలో కూర్చుంటే కాగితం కనిపిస్తుంది. గట్టు మీద కూర్చుంటే తూము కనిపిస్తుంది, కరెంటు తీగ కనిపిస్తుంది, ఇసుక లారీ తిరగాల్సిన మలుపు కనిపిస్తుంది. ఎవరో ఒకరు వేలు చూపించి అడుగుతారు. పిలిచే మనుషుల జాబితా కూడా మారింది. కాంట్రాక్టరు వస్తాడు సరే, ఆయనకంటే ముందు మేస్త్రీ రావాలి. కాంట్రాక్టరుకి అరడజను పనులుంటాయి, మేస్త్రీకి ఇదొక్కటే. లస్కర్, నీటి సంఘం అధ్యక్షుడు, పంచాయతీలో మోటారు వేసే కుర్రాడు, లైన్‌మన్. 1997లో సాగునీటి సంఘాల చట్టం వచ్చాక రైతుని పిలవడానికి ఒక దారి ఏర్పడింది. లస్కర్‌ని పిలవమని మాత్రం ఏ కాగితమూ చెప్పదు. మనమే గుర్తుపెట్టుకోవాలి.

ఇక రోజుల లెక్క. ఏప్రిల్ 15న కట్టేసి జూన్ 1న వదులుతారనుకుందాం. చేతిలో 47 రోజులు. కాలువ ఆరి మనిషి దిగగలిగే సరికి వారం. చివర్లో అడ్డుకట్టలు తీసి గట్టు సరిచేయడానికి మూడు రోజులు. స్లాబుకి ఆధారాల మధ్య దూరం నాలుగున్నర మీటర్లు దాటితే కింద సరుగుడు కర్రలు 14 రోజులు కదపకూడదని కాంక్రీటు నియమావళి ఐఎస్ 456 చెబుతుంది. ఇవి తీసేస్తే మిగిలేవి 23 రోజులు. పునాది తవ్వకం దగ్గర్నుంచి స్లాబు పోసేదాకా అన్నీ ఆ 23లోనే. అందులో వైశాఖం వస్తుంది, మేస్త్రీ ఇంట్లో పెళ్లో, కూలీల ఊళ్లో జాతరో ఉంటుంది. మే నెలలో తుపాను రాదని ఎవరూ పూచీ ఇవ్వలేరు, 1990లో మే 9న వచ్చిన తుపాను చూసినవాళ్లం. అందుకని తేదీలు ముందు నుంచి చివరికి కాకుండా, నీళ్లు వదిలే రోజు నుంచి ఇవతలికి లెక్కపెట్టుకుంటూ రావాలి. ముందు నుంచి లెక్కేస్తే ఎప్పుడూ సరిపోయినట్టే కనిపిస్తుంది.

పెళ్లిళ్ల సంగతి తప్పనిసరిగా అడిగేవాణ్ణి. మొదట్లో మేస్త్రీలు మొహమాటపడేవారు, ఇంటి విషయం పనిలో ఎందుకని. కానీ మేనకోడలి పెళ్లికి నాలుగు రోజులు వెళ్లడం తప్పు కాదు. ఆ నాలుగు రోజులు మనకి ముందు తెలియకపోవడమే ప్రమాదం.

మన గోదావరి జిల్లాల్లో సమావేశం నడిపేవాడికి ఒక కష్టం ఉంది, అది ఏ పాఠంలోనూ రాయరు. అది "ఆయ్." మర్యాద నిండిన మాట. ఇంజనీరు పావుగంట చెబుతాడు, మేస్త్రీ ప్రతి వాక్యానికీ "ఆయ్" అంటాడు. అది ఒప్పుకోవడం కాదు, వింటున్నాననడం. ఒక్కోసారి, మీరు చెప్పింది కుదరదు కానీ నలుగురిలో మీ మాట తీసెయ్యలేనండి అనడం కూడా. కొత్త ఇంజనీరు అన్ని ఆయ్‌లనూ అవుననే రాసుకుంటాడు. నేనూ చాలా ఏళ్లు అలాగే రాసుకున్నాను. తర్వాత "అర్థమైందా?" అని అడగడం మానేశాను. "రేపు పొద్దున్న రాగానే మొదట ఏం చేస్తావు?" అని అడిగేవాణ్ణి. అప్పుడు బయటపడుతుంది. "ముందు ముగ్గు పోస్తానండి" అంటే, ఏ బెంచ్ మార్కు నుంచి లెవెలు తీసుకుంటావు, లేచి చూపించు అనేవాణ్ణి. ఒకసారి ఒకాయన లేచి వెళ్లి పాత రాయొకటి చూపించాడు. అది కిందటేడు ఎక్స్‌కవేటర్ తగిలి కదిలిందని లస్కర్ అక్కడే చెప్పాడు. ఆ రాయిని నమ్మి పని మొదలుపెట్టి ఉంటే కాలువ అడుగుకీ మా అడుగుకీ పొంతన ఉండేది కాదు. ఒక్క "రేపు పొద్దున్న" ప్రశ్న ఆ పనిని కాపాడింది.

పేర్లు చెప్పుకోవడం కూడా మానకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఆపరేషన్ థియేటర్ల కోసం తెచ్చిన జాబితాలో, కత్తి పెట్టేముందు అక్కడున్న ప్రతివాళ్లూ తమ పేరు, తాము చేసే పని చెప్పుకోవాలని ఉంది. డాక్టరైన మా మేనల్లుడు ఆ సంగతి చెప్పినప్పుడు నాకు ఆశ్చర్యం కలగలేదు. ఒకసారి పదిమందిలో తన పేరు చెప్పుకున్న మనిషికి రెండోసారి నోరు తెరవడం సులువవుతుంది. గట్టు మీద నేను చూసింది అదే.

ఈ గడ్డ మీద పని గురించి రాస్తూ ధవళేశ్వరం తలుచుకోకుండా ఉండలేను. ఇంగ్లీషు ఇంజనీరు కాటన్ అక్కడ గోదావరి మీద కట్టించిన ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. చరిత్ర పుస్తకాలు ఆ ఐదేళ్లనే ఎక్కువగా చెబుతాయి. నా మనసు మాత్రం దానికి ముందు, 1844, 45ల్లో ఆయన నది వెంట తిరిగి నివేదికలు రాసిన రోజుల మీదికి పోతుంది. ఎక్కడ కట్టాలన్న నిర్ణయంలోనే ఎలా కట్టాలన్నది ఇమిడి ఉంది. ధవళేశ్వరం దగ్గర నది లంకల వల్ల నాలుగు పాయలవుతుంది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం. ఒక పాయలో పని చేస్తుంటే నీరు మిగతా పాయల్లోంచి పోతుంది. రాయి పక్కనే కొండలో ఉంది. అడుగంతా ఇసుక, గట్టి నేల అందదు. అయినా ఇసుక మీద రాతికట్ట నిలుస్తుందన్న ధైర్యం ఆయనకి కావేరి మీద చోళుల కాలం నాటి కల్లణై చూశాక వచ్చింది. ఎప్పుడో వేల మంది పేరు తెలియని కూలీలు వేసిన కట్టని అడిగి తెలుసుకోవడం నా దృష్టిలో ఒక సమావేశమే. వాళ్లు లేరు, వాళ్ల పని ఉంది, దాన్ని ఆయన వినగలిగాడు.

వీణం వీరన్న గారి పేరు కూడా ఇక్కడే చెప్పాలి. ఆనకట్ట పనిలో కాటన్‌కి కుడిభుజంగా నిలిచిన తెలుగువాడు. పని ముమ్మరంగా ఉన్నప్పుడు అక్కడ పదివేల మంది దాకా ఉన్నారంటారు. ఇంగ్లీషు దొర గీసిన గీతని ఆ పదివేల మందికి తెలుగులో చేరవేయడం, వాళ్ల కష్టం మళ్లీ ఆ దొరకి చెప్పడం ఎంత పనో, ఇరవై మంది కూలీలతో కల్వర్టు కట్టినవాళ్లకైనా అర్థమవుతుంది. ప్రభుత్వం ఆయనకి బిరుదిచ్చి గౌరవించింది. నాకైతే ఇంజనీరింగ్ కాలేజీల్లో కాటన్ పటం పక్కన ఆయన పటం కూడా ఉండాలనిపిస్తుంది.

అందుకే సమావేశంలో అనుకున్నది తెలుగులో, ఒక్క పేజీలో రాయాలని నా పట్టుదల. ఇంగ్లీషు మినిట్స్ ఫైలుకి వెళ్తాయి, వెళ్లనివ్వండి. సిమెంటు షెడ్డు తలుపు లోపలివైపు అంటించే కాగితం మాత్రం మేస్త్రీ చదవగలిగేది అయ్యుండాలి. ఏ రోజుకి ఏది పూర్తవ్వాలి, ఇంజనీరు లేనప్పుడు పని ఆపే అధికారం ఎవరిది, రాత్రి గట్టు కారితే ఎవరికి ఫోన్ చెయ్యాలి. అంతకంటే ఎక్కువ రాస్తే చదవరు.

మొన్న ఈ నెల మొదట్లో మా వీధిలో పెరిగిన అమ్మాయి, ఇప్పుడు ఇరిగేషన్‌లో ఏఈ, ఫోన్ చేసింది. కోనసీమలో ఒక కాలువ మీద క్లోజర్ పని, మొదటిసారి తనే చూస్తోంది. "మీరొచ్చి కూర్చోండి బాబాయ్ గారూ, మాట్లాడక్కర్లేదు" అంది. వెళ్లాను. గట్టు మీద కొబ్బరిచెట్ల నీడలో పదకొండు మంది. వైట్‌బోర్డు ఒకటి చెట్టుకి ఆనించి, జూన్ 1 నుంచి వెనక్కి తేదీలన్నీ రాసి పెట్టుకుంది. ఏప్రిల్ 22న తవ్వకం మొదలు.

లస్కర్ ఆలస్యంగా వచ్చాడు, సైకిలు గట్టు మీద పడుకోబెట్టి వెనక నిలబడ్డాడు. ఆ అమ్మాయి లేచి తన కుర్చీ ఆయనకి వేసింది. ఆయన కూర్చోలేదు, కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు. రేపు పొద్దున్న మొదట మీరేం చేస్తారని అందరినీ అడిగినట్టే ఆయన్నీ అడిగింది. ఆయన కాసేపు బోర్డు వైపు చూశాడు.

"నేను తలుపు దించేస్తానండి. కానీ మేడంగారండి, పైన రెండో తూము షట్టరు కింద చెక్క కుళ్లిపోయిందండి. దించినా కారుతానే ఉంటది. మీరు 22 అని రాశారు గానండి, అప్పటికి ఇక్కడ మోకాలి లోతు ఉంటదండి."

కాంట్రాక్టరు ఏదో అనబోయాడు. ఆ అమ్మాయి చెయ్యెత్తి ఆగమంది. "చెక్క మార్చడానికి ఎన్ని రోజులు పడుతుంది?" అని లస్కర్‌నే అడిగింది. ఆయన వడ్రంగి ఎక్కడున్నాడో, ఏ చెక్క పనికొస్తుందో చెప్పడం మొదలుపెట్టాడు. ఆమె చున్నీ కొసతో 22ని తుడిచేసి, పెన్ను మూత తీసి, ఆయన చెప్పేది రాసుకుంటూ నిలబడింది.