ఏడో చేప, ఎనిమిదిన్నర కాల్

నవంబరు మొదటి ఆదివారం అమెరికా వాళ్లు గడియారాలు గంట వెనక్కి తిప్పుకున్నారు. సోమవారం రాత్రికల్లా ఆ సెగ నిజాంపేటలో మా ఇంటికి తగిలింది. న్యూజెర్సీలో పొద్దున పదకొండింటికి జరిగే మీటింగు అక్టోబరు దాకా మాకు రాత్రి ఎనిమిదిన్నర. ఇప్పుడు తొమ్మిదిన్నర. మా అమ్మాయి ల్యాప్‌టాప్ మూసేసరికి పదిన్నర అవుతోంది. అమ్మ వస్తే గాని పక్క ఎక్కనని భీష్మించుకున్న రెండేళ్ల మనవరాలి నిద్ర కూడా దాంతోపాటే గంట జరిగింది. మార్చి రెండో ఆదివారం వాళ్లు మళ్లీ ముందుకు తిప్పుకునేదాకా ఇంతే. హైదరాబాదులో ఇలాంటి కొంపలు ఒకటా రెండా! రాత్రి పదింటికి మా అపార్ట్‌మెంటు వరండాలో పిల్లల్ని భుజాన వేసుకుని పచార్లు చేసే తాతయ్యలను అడిగితే చెబుతారు.

"పిల్ల ఎన్నింటికి పడుకుంటోంది?" ఇంటికి వచ్చినవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఇదే. పదిన్నర అనగానే బుగ్గలు నొక్కుకుంటారు. డాలస్‌లో ఉన్న మా అక్క కొడుకైతే, "మావాడు ఏడున్నరకల్లా తన గదిలో తనే పడుకుంటాడు పిన్నీ" అంటాడు. వాడు అబద్ధం చెప్పడం లేదు. వాళ్ల సాయంత్రం అలాంటిది. ఐదున్నరకి ఇల్లు చేరతారు, ఆరున్నరకి భోజనాలైపోతాయి. పదిహేడు దేశాల్లో మూడేళ్లలోపు పిల్లల నిద్ర మీద 2010లో ఒక పెద్ద అధ్యయనం అచ్చయింది. న్యూజిలాండ్ పిల్లలు సగటున రాత్రి 7:28కి పడుకుంటే, హాంకాంగ్ పిల్లలు 10:17కి పడుకుంటున్నారట. ఆసియా పిల్లలు ఆలస్యంగా పడుకోవడమే కాదు, మొత్తమ్మీద నిద్రపోయేదీ తక్కువేనని తేలింది. కాబట్టి మన తీరు మనది అని ఊరుకోవడానికి లేదు. అలాగని ట్రాఫిక్‌లో ఈదుకుంటూ ఎనిమిదింటికి ఇల్లు చేరే తల్లికి బిడ్డ ముఖం చూపించకుండా ఏడింటికే జోకొట్టేయడం న్యాయమూ కాదు.

నాకు అర్థమైంది ఒక్కటే. సాయంత్రం మన చేతిలో లేదు. కొంత ఆఫీసు చేతిలో, కొంత రోడ్డు చేతిలో, మిగిలింది అమెరికా చేతిలో ఉంది. పొద్దున మాత్రం ఇంకా మన చేతిలోనే ఉంది. నిద్రపుచ్చే పని అక్కడే మొదలుపెట్టాలి.

మనవరాలికి ఏడు చేపల కథ ప్రాణం. ఏడో చేప ఎండలేదంటే గడ్డిమేటు అడ్డొచ్చింది. మేటు తరగలేదంటే ఆవు మేయలేదు. అలా ఒకరి మీద ఒకరు చెప్పుకుంటూ చివరికి చీమ దాకా వెళ్తుంది కథ. మా ఇంట్లో నిద్ర సంగతి కూడా అచ్చం అంతే. రాత్రి పదిన్నర దాకా ఎందుకు పడుకోలేదు? సాయంత్రం ఐదున్నర దాకా పడుకుంది గనక. ఆ వేళదాకా ఎందుకు పడుకుంది? మూడున్నరకి గాని కన్ను మూయలేదు గనక. మూడున్నర ఎందుకైంది? పొద్దున ఎనిమిదిన్నరకి లేచింది గనక. ఎనిమిదిన్నర దాకా ఎందుకు లేవలేదు? రాత్రి పదిన్నరకి పడుకుంది గనక! కథలో గొలుసు చీమ దగ్గర ఆగిపోతుంది. మా ఇంట్లో ఆగదు, గానుగెద్దులా తిరుగుతూనే ఉంటుంది. ఎక్కడో ఒకచోట తెంపాలి. నిద్రపొమ్మని ఎవరినీ శాసించలేం, పిల్లల్ని అసలే శాసించలేం. నిద్ర లేపడం మాత్రం మన వల్ల అయ్యే పని.

దీని వెనక శాస్త్రం కూడా ఉంది. నిద్రను రెండు శక్తులు నడుపుతాయని అలెగ్జాండర్ బోర్బేలీ అనే శాస్త్రవేత్త 1982లో ప్రతిపాదించాడు. మేలుకుని ఉన్నకొద్దీ పేరుకునే నిద్ర ఒత్తిడి మొదటిది. వెలుతురును బట్టి నడిచే ఒంట్లోని గడియారం రెండోది. రెండూ కలిసినప్పుడు నిద్ర దానంతటదే వస్తుంది. పసిపిల్లలకి ఒత్తిడి తొందరగా పేరుకుంటుంది, ఒక కునుకు తీస్తే తొందరగానే దిగిపోతుంది. అందుకే ఐదున్నరకి లేచిన పిల్ల పదింటికి సోఫా మీద గెంతుతుంటే అది అల్లరి కాదు. దానికింకా సాయంత్రమే. ఇక గడియారం సంగతి. పెద్దవాళ్లలో అది సగటున 24 గంటల 11 నిమిషాలకి ఒక చుట్టు తిరుగుతుందని 1999లో హార్వర్డ్ పరిశోధకులు లెక్కకట్టారు. అంటే పట్టించుకోకుండా వదిలేస్తే మన నిద్ర రోజూ కాస్త వెనక్కి జారుతూనే ఉంటుంది. దాన్ని మళ్లీ దారిలో పెట్టేది పొద్దుటి వెలుతురు.

అందుకని ఇప్పుడు మా ఇంట్లో రాత్రి ఎప్పుడు పడుకున్నా పొద్దున ఏడింటికి కర్టెన్లు తీసేస్తాం. ఆ పని తాతయ్యది. వయసు మళ్లినకొద్దీ ఒంట్లో గడియారం ముందుకు జరుగుతుంది. ఆయనకి రాత్రి ఎనిమిదిన్నరకే టీవీ ముందు కునికిపాట్లు, తెల్లవారుజామున నాలుగింటికే మెలకువ. ఇన్నాళ్లూ జబ్బేమోనని దిగులుపడ్డ ఆ మెలకువకి ఇప్పుడొక ఉద్యోగం దొరికింది. పిల్లని ఎత్తుకుని బాల్కనీలో తులసికోట దగ్గర కూర్చోబెడతారు. మొదట్లో ఏడుస్తుంది, చిరాకు పడుతుంది. "దాన్ని పడుకోనివ్వు నాన్నా" అని లోపల్నించి కూతురు గొంతు వినిపిస్తుంది. అక్కడ జాలిపడితే మధ్యాహ్నానికి గొలుసు మళ్లీ మొదలు.

మధ్యాహ్నం పన్నెండింటికి అన్నం తినిపించి, పన్నెండున్నరకి పడుకోబెట్టి, రెండున్నర దాటనివ్వకుండా లేపేస్తాను. పగటి నిద్రది ఒక పెద్ద కథ. ఏడాది నిండాక కొన్ని నెలలకి రెండు కునుకులు ఒకటవుతాయి. మూడు నుంచి ఐదేళ్ల మధ్య ఆ ఒక్కటీ పోతుంది. అది పోయే కాలంలో ఇల్లంతా తలకిందులవుతుంది. ఒకరోజు పడుకుంటారు, ఒకరోజు పడుకోరు, సాయంత్రం ఆరింటికి అన్నం పళ్లెం ముందే తూలిపోతారు. కునుకు పడని రోజున రాత్రి పడకను గంట ముందుకి జరిపితే చాలు. ఒకటి రెండేళ్ల పిల్లలకి పగటి నిద్రతో కలిపి 11 నుంచి 14 గంటలు, మూడు నుంచి ఐదేళ్ల వాళ్లకి 10 నుంచి 13 గంటలు కావాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో చెప్పింది. తొమ్మిదిన్నరకి పడుకుని ఏడింటికి లేచి, మధ్యాహ్నం రెండు గంటలు నిద్రపోతే పదకొండున్నర. డాలస్ టైము పాటించకపోయినా లెక్క సరిపోతుంది.

ఇక రాత్రి. ఇక్కడ గంట కన్నా వరుస ముఖ్యం. అన్నం, కాళ్లూ ముఖం కడగడం, నూలు గౌను తొడగడం, హాల్లో ట్యూబులైటు ఆర్పడం, కథ. వరుస మారకూడదు. రోజూ స్నానం, ఒంటికి లోషన్ రాయడం, తర్వాత నెమ్మదిగా ఆడించడం అనే వరుసను పాటించిన ఇళ్లలో పిల్లలు త్వరగా నిద్రపోయారని, రాత్రి లేవడం తగ్గిందని, తల్లుల మనసు కూడా కుదుటపడిందని 2009లో జోడీ మిండెల్ బృందం ప్రకటించింది. మన ఇళ్లలో నూనె రాసి, నలుగు పెట్టి, తలారా పోసి, సాంబ్రాణి పట్టి ఉయ్యాల్లో వేస్తే బిడ్డ గంటలు గంటలు పడుకుంటుందని ఏ మంత్రసానీ పరిశోధన చేసి చెప్పలేదు, అంతే తేడా. పెద్దవాళ్లు కూడా పడుకునే ముందు ఒకటి రెండు గంటల వ్యవధిలో వేడినీళ్ల స్నానం చేస్తే ఒళ్లు చల్లబడి నిద్ర తొందరగా పడుతుంది.

కథ చెప్పేటప్పుడు వినేవాళ్లు ఊ కొట్టాలి. ఊ కొట్టకపోతే కథ ఆగిపోతుందన్నది మా నాయనమ్మ పెట్టిన రూలు. గుంటూరు జిల్లాలో వేసవి రాత్రులు డాబా మీద నీళ్లు చల్లి, నవారు మంచాలు వాల్చి, ఆరుగురు పిల్లలకి ఒకే కథ చెప్పేది. ఒక్కో ఊ సన్నగిల్లుతుంటే ఆవిడ గొంతు కూడా దింపేది. చివరి ఊ ఆగిపోయాక ఇంకో రెండు వాక్యాలు చెప్పి అప్పుడు ఆపేది. టక్కున ఆపితే మళ్లీ కళ్లు తెరుస్తారని ఆవిడకి తెలుసు. పడక కథలో ఉత్కంఠ ఉండకూడదు. ఏడు చేపల కథలో తర్వాత ఏమొస్తుందో పిల్లకి ముందే తెలుసు. తెలిసింది తెలిసినట్టు వస్తోందన్న ధీమాతోనే కన్ను మూతపడుతుంది. కొత్త మలుపు తగిలిస్తే లేచి కూర్చుని "అలా కాదు" అంటుంది.

ఫోన్‌లో కార్టూనుకి ఊ అక్కర్లేదు. పిల్ల పడుకుందో లేదో దానికి తెలీదు. ఒకటి అవగానే ఇంకొకటి మొదలుపెడుతుంది. దానికి తోడు వెలుతురు. మూడు నుంచి ఐదేళ్ల పిల్లల్ని పడుకునే ముందు గంటసేపు ప్రకాశవంతమైన వెలుతురులో ఉంచితే, నిద్రను తెచ్చే మెలటోనిన్ 88 శాతం దాకా తగ్గిపోయిందని కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్లు 2018లో చూపించారు. కార్టూను కంటే ముందు ఆర్పాల్సింది హాల్లో ట్యూబులైట్లని నాకు అర్థమైంది దాన్నిబట్టే. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ఏది చూస్తూ నిద్రపోయారో, అర్ధరాత్రి మెలకువ వస్తే అదే అడుగుతారు. రెండింటికి లేచి ఫోన్ కోసం ఏడ్చే పిల్ల కంటే, చీకట్లో చెయ్యి చాచి అమ్మ కొంగు తడిమే పిల్ల నయం.

రాజమండ్రి నుంచి మా వియ్యపురాలు ఫోన్ చేసి, "వదినగారూ, పిల్లకి దిష్టి తీశారా?" అని అడుగుతారు. తీస్తాను. మునిమాపువేళ పిల్ల కదలకుండా కూర్చుంటుంది, ఉప్పూ ఎండుమిరపకాయలూ మూడుసార్లు తిప్పుతాను, రోజూ అవే మాటలు. దిష్టి మాట దేవుడెరుగు, ఇల్లు నెమ్మదించే వేళయిందని పిల్లకి తెలుస్తుంది. నేను ఒప్పుకోనిది మాత్రం ఒకటుంది. ప్రయాణాల్లో పిల్లలు పడుకుంటారని జలుబు సిరప్ పట్టించడం. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన మందును నాలుగేళ్లలోపు పిల్లలకి ఇవ్వకూడదని సీసా మీద ముద్రించాలని మన దేశ ఔషధ నియంత్రణ సంస్థ 2023 డిసెంబరులో ఆదేశించింది. అలాగే పిల్ల రోజూ గురక పెడుతున్నా, నోటితో ఊపిరి తీస్తున్నా కథలూ దిష్టీ పక్కనబెట్టి డాక్టరుకి చూపించాలి. ఎడినాయిడ్స్ కావచ్చు.

పొద్దున పట్టుకుంటే పెద్దల నిద్ర కూడా గాడిలో పడుతుంది. మా అమ్మాయి కాల్‌కి ముందు, ఆరింటికి కాఫీ తాగేది. కెఫీన్ సగం కరగడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది. అంటే పదకొండింటికి కూడా ఒంట్లో సగం కాఫీ ఉన్నట్టే. ఇప్పుడు ఆ కాఫీ మధ్యాహ్నానికి మారింది. కాల్‌కి ముందు పిల్లకి అన్నం తినిపించే పని తనది, కథ నాది. "అమ్మ ఏదీ?" అనే ప్రశ్నకి పక్కగదిలో తల్లి గొంతు వినిపిస్తూనే ఉంటుంది గనక పేచీ క్రమంగా తగ్గింది.

ఇదంతా అమ్మమ్మా తాతయ్యా ఉన్న ఇంటి వైభోగం. పొద్దున ఏడింటికి లేపండి అని చెప్పడం సులువే. లేపాలంటే ఎవరో ఒకరు లేచి ఉండాలి కదా. ఇద్దరే ఉండే ఇళ్లలో ఆ ఒకరు ఎవరో అందరికీ తెలుసు. రాత్రి రెండింటికి లేచిందీ ఆవిడే. బిడ్డ పుట్టిన మొదటి మూడు నెలల్లో తల్లులకి సగటున గంట నిద్ర తగ్గితే, తండ్రులకి తగ్గింది పావుగంటేనని 2019లో జర్మనీలో చేసిన అధ్యయనం తేల్చింది. ఇద్దరి నిద్రా పూర్తిగా మునుపటిలా కుదురుకోవడానికి ఆరేళ్ల దాకా పట్టవచ్చని కూడా అందులోనే ఉంది. కాబట్టి తాతయ్య లేని ఇంట్లో ఏడింటి పని తండ్రిది, ఆదివారంతో సహా. రాత్రి కాల్ జరపాలంటే మేనేజరు ఒప్పుకోవాలి. పొద్దున్నే పిల్లని ఎత్తుకుని బాల్కనీలోకి రావడానికి ఎవరినీ అడగక్కర్లేదు, అలారం పెట్టుకుంటే చాలు.