నలుపును నలుపుగా నిలిపే ఎడిటింగ్

నగర ఛాయాచిత్రాల ఎడిటింగ్‌లో రెండు పనులు కలిసి ఉంటాయి. తీసిన వందల ఫొటోల్లో ఏవి నిలవాలో తేల్చడం మొదటిది. నిలిచినవాటి వెలుగునూ రంగునూ అంచులనూ దిద్దడం రెండోది. కొత్తగా కెమెరా పట్టినవాళ్లు రెండోదాన్నే ఎడిటింగ్ అనుకుంటారు. పోర్ట్‌ఫోలియో చూసే అధ్యాపకులు మాత్రం ఎంపికనే ముందు చూస్తారు. ఏది పెట్టాడన్నదానికన్నా ఏది వదిలేశాడన్నదాంట్లోనే విద్యార్థి చూపు బయటపడుతుంది.

ఈ విద్య నేర్చుకోవడానికి రామగుండం, గోదావరిఖని ప్రాంతం కంటే కఠినమైన బడి తెలంగాణలో దొరకడం కష్టం. 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు జాడ కనిపెట్టాడు. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. 1960ల నాటికి గోదావరి ఒడ్డున బొగ్గు బాయిలు (గనులు) తెరుచుకుని గోదావరిఖని ఊరైంది. పక్కనే 2,600 మెగావాట్ల ఎన్టీపీసీ విద్యుత్ కేంద్రం లేచింది. 1999లో మూతబడిన ఎరువుల కర్మాగారం స్థానంలో గ్యాస్‌తో నడిచే కొత్త యూరియా ప్లాంటు వచ్చింది. క్వార్టర్ల వరసలు, చౌరస్తా రద్దీ, ఓపెన్‌కాస్టు గనుల మట్టి గుట్టలు, పొగ గొట్టాలు, నది అన్నీ కొద్ది కిలోమీటర్లలోనే ఉన్నాయి. బాయిల్లోకీ విద్యుత్ కేంద్రంలోకీ అనుమతి లేకుండా కెమెరా పోదు, పోకూడదు కూడా. కాబట్టి ఇక్కడి విద్యార్థి పోర్ట్‌ఫోలియో ఎక్కువగా వీధిలోనే తయారవుతుంది.

ఎంపిక ఎంత కష్టమో చెప్పడానికి ఒక పారిశ్రామిక నగరం కథే ఉంది. 1955లో ఫొటోగ్రాఫర్ యూజీన్ స్మిత్‌ను అమెరికా ఉక్కు నగరం పిట్స్‌బర్గ్ మీద ఒక పుస్తకం కోసం వంద ఫొటోలు తీసిపెట్టమని అడిగారు. ఆయన దాదాపు 17,000 తీశాడు. వాటిని కుదించడానికి ఏళ్లు పట్టింది. చివరికి ఒక ఫొటోగ్రఫీ వార్షిక సంచికలో కొన్ని పదుల పేజీలు మాత్రమే అచ్చయ్యాయి. అదే కాలంలో మరో ఫొటోగ్రాఫర్ రాబర్ట్ ఫ్రాంక్ అమెరికా అంతా తిరిగి తీసిన సుమారు 28,000 ఫ్రేముల్లోంచి 83 ఏరి ‘ది అమెరికన్స్’ పుస్తకం చేశాడు. ఇద్దరూ అసాధారణమైన చూపున్నవాళ్లే. నిర్దాక్షిణ్యంగా వదిలేయగలిగిన ఫ్రాంక్ పుస్తకం పూర్తయింది, వదులుకోలేకపోయిన స్మిత్ పని సగంలో నిలిచింది.

విద్యార్థికి ఇరవై ఫొటోల లోపు చాలు. ఎంపికను ఒక్క రోజులో ముగించకుండా కొన్నాళ్లు విరామం ఇచ్చి మళ్లీ చూడాలి. తీసిన రోజు పడ్డ శ్రమ గుర్తున్నంతకాలం బలహీనమైన ఫొటో కూడా గొప్పగా కనిపిస్తుంది. చిన్న సైజు ప్రింట్లు వేయించి నేల మీద పరిస్తే, తెరపై పట్టుబడని పునరుక్తి ఇట్టే తెలిసిపోతుంది. పొగ గొట్టాల ఫొటోలు ఏడు ఉంటే అందులో ఆరు తప్పుకోవాల్సిందే.

దిద్దుబాటులో మొదటి సమస్య నలుపు. కెమెరా మీటర్ తన ఎదుట ఉన్నదాన్ని మధ్యస్థపు బూడిదరంగుగా లెక్కగడుతుంది. ఫ్రేము నిండా బొగ్గు కుప్ప ఉంటే, చీకటి ఎక్కువైందనుకుని వెలుగు పెంచేస్తుంది. ఫలితంగా బొగ్గు బూడిదలా వస్తుంది. తీసేటప్పుడే ఒక స్టాప్ వరకు తగ్గించడం మంచిది. మిగిలింది రా (ముడి) ఫైల్లో సరిదిద్దుకోవచ్చు. 14 బిట్ల రా ఫైల్లో ఒక్కో రంగుకు 16,384 మెట్లుంటే, జేపెగ్‌లో ఉండేవి 256 మాత్రమే. చీకటి భాగాలను పైకి లాగితే జేపెగ్ అందుకే చారలు చారలుగా విరుగుతుంది.

నిజానికి బొగ్గు నలుపు ఒకటి కాదు. వానకు తడిసిన బొగ్గు మెరుస్తుంది. ఎండిన బొగ్గుపొడి రోడ్డు పక్క చెట్ల ఆకుల మీద బూడిదరంగులో పేరుకుంటుంది. చెమటతో కలిసిన బొగ్గు మనిషి చర్మానికి అంటుకుని వేరే మెరుపునిస్తుంది. హిస్టోగ్రామ్ ఎడమ అంచుకు పూర్తిగా కుక్కుకుపోతే ఈ తేడాలన్నీ ఒకే ముద్దవుతాయి. షాడోలను అతిగా ఎత్తితే అన్నీ బూడిదవుతాయి. ఫొటోలో ఎక్కడో ఒకచోట పూర్తి నలుపు ఉండాలి, మిగిలిన నలుపుల్లో వివరం నిలవాలి. ఈ ప్రాంతపు ఫొటోల దిద్దుబాటులో సగం నైపుణ్యం ఇక్కడే ఖర్చవుతుంది.

రెండో సమస్య దుమ్ము. డంపర్లు తిరిగే దారుల మీదా, చలికాలపు ఉదయం పొగమంచులోనూ దూరపు వస్తువులు పలచబడతాయి. సాఫ్ట్‌వేర్లలో ఉండే డిహేజ్ మీట ఆ పొరను ఒక్క లాగుడులో తీసేస్తుంది. ఆకాశం నీలమవుతుంది, చిమ్నీ అంచు చుట్టూ తెల్లని గీత పడుతుంది, ఊరు కడిగి ఆరబెట్టినట్లవుతుంది. ఆ గాలినే పీలుస్తూ బతికే మనుషుల ఊరిని అలా చూపడం అబద్ధం. ఆ మీటను వాడాల్సి వస్తే ముందున్న మనిషి మీద స్వల్పంగా వాడి, వెనకనున్న దుమ్మును దుమ్ముగానే ఉంచడం ఉత్తమం.

ఒక ఫొటోను దగ్గరగా పరిశీలిస్తే ఈ పనుల వరస స్పష్టమవుతుంది. సాయంత్రం చౌరస్తాలో చాయ్ హోటల్ ముందు షిఫ్టు దిగిన కార్మికుడు, ఆయన అనుమతితో తీసిన ఫొటో అనుకుందాం. చేతిలో గ్లాసు, ముఖం మీద ఇంకా పోని బొగ్గు, పక్కన సైకిలుకు తగిలించిన టిఫిన్ బాక్సు, వెనక వీధిదీపాల పసుపు, హోటల్ లోపల ట్యూబులైటు తెలుపు. ముందు వైట్ బ్యాలెన్స్ తేల్చాలి. పసుపు సోడియం వీధిదీపం కింద రంగులు పూర్తిగా తిరిగి రావు. పసుపును మొత్తం తీసేయాలని చూస్తే హోటల్ లోపలి భాగం నీలం తిరుగుతుంది. ట్యూబులైటును కొంచెం చల్లగానూ వీధిని వెచ్చగానూ వదిలేస్తే సాయంత్రం సాయంత్రంలాగే ఉంటుంది. తర్వాత ఫ్రేము అంచులు చూడాలి. కుడివైపు సగం తెగిన ఆటో చూపును లాగుతుంటే క్రాప్ చేయవచ్చు. టిఫిన్ బాక్సు మాత్రం తెగకూడదు, ఆయన రోజంతా అందులో ఉంది.

ఆపైన ముఖం. ఫోన్ల బ్యూటీ ఫిల్టర్లు చర్మాన్ని తెల్లబరిచి నున్నగా చేస్తాయి. వాటిని దగ్గరికి రానీయకూడదు. ఇదే ఫొటోను రంగుల్లో కాక నలుపు తెలుపులో చూపదలిస్తే, మార్చేటప్పుడు నారింజ రంగు మీటను కొద్దిగా పెంచితే చర్మం ఒక మెట్టు వెలుగెక్కుతుంది, బొగ్గు అలాగే ఉంటుంది, రెండింటి మధ్య గీత తేటపడుతుంది. ఎక్కువ పెంచితే మనిషి రంగే మారిపోతుంది. ఇక మిగిలింది కళ్లు. డార్క్‌రూమ్ రోజుల్లో వెలుగును కొన్నిచోట్ల ఆపి, కొన్నిచోట్ల ఎక్కువసేపు పడనిచ్చే పద్ధతిని డాడ్జింగ్, బర్నింగ్ అనేవారు. యూజీన్ స్మిత్ ప్రింట్ల మీద పొటాషియం ఫెర్రిసయనైడ్ ద్రావణం అద్ది చిన్న చిన్న భాగాలను వెలిగించేవాడు. ఇప్పుడదే పని బ్రష్‌తో చేస్తారు. కంటి తెల్లగుడ్డును కాస్త ఎత్తి, వెనకాల ట్యూబులైటును కాస్త అణిస్తే చూపు నేరుగా మనిషి దగ్గరికి వెళ్తుంది. బ్రష్ పడ్డ చోటు చూసేవారికి తెలిసిపోతే మాత్రం పని చెడినట్లే.

కట్టడాల ఫొటోలకు వేరే శ్రద్ధ అవసరం. కెమెరాను పైకెత్తి తీసిన చిమ్నీలు వెనక్కి వాలినట్లు కనిపిస్తాయి. సాఫ్ట్‌వేర్‌తో నిలువు గీతలు సరిచేయవచ్చు, కానీ అంచులు కొంత తెగుతాయి కాబట్టి తీసేటప్పుడే చుట్టూ ఖాళీ వదలాలి. జర్మనీకి చెందిన బెర్న్ట్, హిల్లా బెకర్ దంపతులు గనుల వైండింగ్ టవర్లనూ నీటి ట్యాంకులనూ దశాబ్దాలపాటు మబ్బు పట్టిన వెలుగులో, ఒకే తీరున, సూటిగా తీసి వరసలుగా పేర్చారు. గోదావరిఖనిలోని ఎనిమిదో ఇంక్లైన్ కాలనీ క్వార్టర్లను ఆ పద్ధతిలో తీస్తే, ఒకే నమూనాలో కట్టిన ఇళ్లను కుటుంబాలు తులసికోటతోనో రేకుల పందిరితోనో ఎలా తమవి చేసుకున్నాయో కళ్లకు కడుతుంది. అలాంటి వరసకు దిద్దుబాటు కూడా ఒకే తీరున ఉండాలి. ఒక ఇల్లు వెచ్చగా, పక్క ఇల్లు చల్లగా కనిపిస్తే పోలికే చెదిరిపోతుంది.

ఫ్రేములో ఉన్నదాన్ని చెరపడం, లేనిదాన్ని చేర్చడం డాక్యుమెంటరీ పనిలో కూడదు. 2016లో ప్రఖ్యాత ఫొటోగ్రాఫర్ స్టీవ్ మెక్‌కరీ తీసిన క్యూబా వీధి ఫొటోలో అతుకు పని బయటపడి, ఆయన మిగిలిన చిత్రాలపైనా ప్రశ్నలు లేచాయి. కరెంటు తీగలు అడ్డొస్తే రెండడుగులు పక్కకు జరగడమే మార్గం. సెన్సర్ మీది దుమ్ము మచ్చను తుడవవచ్చు, అది ఊరిది కాదు.

చివరగా కూర్పు. ఉదయం షిఫ్టు నుంచి రాత్రి షిఫ్టు దాకా కాలక్రమంలో పేర్చడం తేలికైన దారి. ఇంతకన్నా బలమైనది ఆకారాల మీదుగా సాగే కూర్పు. మట్టి గుట్ట వంపు తర్వాత బట్టలు ఆరేసిన తాడు వంపు, ఆ తర్వాత గోదావరి వంతెన వస్తే చూపు తెగకుండా నడుస్తుంది. రంగు, నలుపు తెలుపు కారణం లేకుండా కలపకూడదు. ప్రింటుకు ముందు తెర వెలుగు తగ్గించి సరిచూసుకోవాలి. వెలుగెక్కువ తెరపై దిద్దిన ఫొటో కాగితం మీద మసకగా వస్తుంది, బొగ్గు నలుపుల్లోని వివరం ముందుగా పోయేది అక్కడే. మ్యాట్ కాగితంపై నలుపు తేలికవుతుంది కాబట్టి ఒక పరీక్ష ప్రింటు తప్పనిసరి. ప్రతి ఫొటో కింద చోటు, నెల, సంవత్సరం, జరుగుతున్న పని ఒక్క వాక్యంలో రాయాలి. అసలు రా ఫైళ్లను రెండు చోట్ల భద్రపరచాలి, మూల ఫైలు చూపమని పోర్ట్‌ఫోలియో చూసే ఎంపిక సంఘాలు అడిగే అవకాశం ఉంది.