అరువు గంజు

ఈ వారం మా మేనల్లుడి మీద గట్టిగానే కోపమొచ్చింది. చదువుకుంటూనే సరదాకు లినక్స్ మీద గ్రాఫిక్స్ డ్రైవర్ రాస్తున్నాడు. కెర్నెల్‌ని అడిగి మెమరీ పేజీలు తీసుకుంటాడు, పనయ్యాక తిరిగివ్వడు, తన దగ్గరే కుప్పేసుకుంటాడు. నాదొక పాత పాట ఉంది: అరువు తెచ్చిన వస్తువు పొద్దుగూకేలోపు ఇల్లు చేరాలి.

"ఇవ్వడానికే ఖర్చు మామా," అన్నాడు. ఆ ఖర్చేంటో చెబుతాను.

ఖిలా వరంగల్లో మా ఇంటికొచ్చిన వాళ్లకు నాలుగు కీర్తితోరణాలూ చూపిస్తాను. దిక్కుకొక దారి, లోపల జాగా ఒకటే. 4,096 బైట్ల పేజీకీ అంతే. కెర్నెల్ తనకోసం వేసుకున్న దారి ఒకటి, డ్రైవర్ వేసింది ఇంకొకటి. కెర్నెల్ దారి క్యాష్ గుండా పోతుంది. బొమ్మ గీసే డ్రైవర్‌కు రైట్-కంబైనింగ్ కావాలి: రాతలు క్యాష్‌లో నిలవకుండా, 64 బైట్లు పోగయ్యాక ఒక్కసారే బయటికి పోవాలి. ఒకే పేజీకి రెండు దారుల్లో రెండు పద్ధతులుంటే కొంప మునుగుతుంది. 2002లో ఏజీపీ కార్డులున్న అథ్లాన్ మెషీన్లలో లినక్స్ ఈ తిప్పలే పడింది. ప్రాసెసర్ ముందుచూపుతో క్యాష్‌లోకి లాక్కున్న పాత లైను, ఆనక మెమరీకి వెళ్లి కొత్త డేటాను చెరిపేసేది. అందుకే పద్ధతి మారిస్తే రెండు దారుల్లోనూ మార్చాలి, కోర్‌లన్నిటిలో ఆ దారులను గుర్తుంచుకునే టీఎల్‌బీలు తుడవాలి, క్యాష్ కడగాలి. తిరిగిచ్చేటప్పుడు మళ్లీ మొదటికి.

కడగడమంటే మా అమ్మ గుర్తొచ్చింది. ఎండకాలం తొక్కు కలపడానికి పక్కింటి పెద్దమ్మ దగ్గర పెద్ద గంజు తెచ్చేది. వాళ్లకది నీళ్లు కాగే గంజు. తేగానే తోమి, తుడిచి, ఎండలో బోర్లించాలి. చుక్క తడి మిగిలినా తొక్కు బూజు పడుతుంది. ఇచ్చేముందు నూనె జిడ్డు, కారం ఘాటు పోయేదాకా మళ్లీ తోముడు. మూడు విడతల తొక్కు, ఆరు తోముళ్లు. తోమేది నేనే. చివరికి పెద్దమ్మే అంది: "ఎండకాలమంత నీ దగ్గర్నే ఉంచుకో చెల్లె, పనివడ్తె పిలుస్త."

లినక్స్‌లో గ్రాఫిక్స్ మెమరీ చూసుకునే టీటీఎం చేసేదీ ఇదే. పద్ధతి మార్చిన పేజీలను పూల్‌లో ఉంచుకుని, మళ్లీ అడిగినవాళ్లకు వాటినే ఇస్తుంది. మెమరీకి కటకటైతే కెర్నెల్ ష్రింకర్‌తో కబురంపుతుంది; అప్పుడు టీటీఎం కడిగి అప్పగిస్తుంది.

నాదే తప్పని చెబుదామని వాడి కోడ్ మళ్లీ తెరిచాను. పూల్ ఉంది, ష్రింకర్ లేదు. ఫోన్ చేసి గంజు కథంతా చెప్పాను.

"ఉంచుకో అల్లుడా, తప్పులేదు. కాని పెద్దమ్మ పిలిస్తే నీకెట్ల ఇనవడ్తది?"